మామూలు వేగం

మా బడిలో లెక్కల చదువును నిజజీవితంతో కలిపే కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిందనీ, ఇకమీదట ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడే ప్రమాదం లేదనీ తల్లిదండ్రుల సంఘం కార్యదర్శి హోదాలో తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. జరిగినదాని గురించి ఊళ్ళో రకరకాలుగా చెప్పుకుంటున్నారు గనక, ఉన్నది ఉన్నట్టు రాయవలసిన బాధ్యత నామీద పడింది.

కార్యక్రమం పేరు 'లెక్కల్లోంచి లోకంలోకి'. దాని కింద ఎనిమిదో తరగతికి నలభై ట్యాబులు వచ్చాయి. వాటిని తెచ్చిన కంపెనీవారు రెండు గంటలసేపు వాటి గొప్పతనం వివరించారు. పాత పుస్తకంలో ఒక పంపు తొట్టిని నింపుతుంటే ఇంకో పంపు ఖాళీ చేస్తూ ఉండేది. ఆ పని ఏ బుద్ధిమంతుడు ఎందుకు చేస్తాడో మూడు తరాలుగా ఎవరికీ అర్థం కాలేదు. ట్యాబులోనూ అదే తొట్టి, అవే రెండు పంపులు. కాకపోతే నీళ్ళు నీలంగా కదులుతాయి, చప్పుడు కూడా వస్తుంది. దీన్నే నిజజీవితం అంటారని కంపెనీవారు చెప్పగా ప్రధానోపాధ్యాయులవారు తల ఊపారు.

మా లెక్కల మేడంకి ఇరవై రెండేళ్ళ అనుభవం. ఆమె మీద బడి ఫైల్లో ఒక మెమో ఉంది. నాలుగేళ్ళ కిందట పిల్లల్ని బయటికి తీసుకుపోయి, ప్రహరీగోడ నీడను టేపుతో కొలిచి గోడ ఎత్తు కనుక్కోమన్నందుకు ఇచ్చిన మెమో అది. 'పాఠ్యసమయంలో విద్యార్థులను ఎండకూ, గోడకూ గురిచేయడం' అని అందులో రాశారు. కొత్త కార్యక్రమం వచ్చాక ఆ నిబంధన సడలింది. చేతిలో ట్యాబు ఉంటే ఎండ ఎండ కాదనీ, అది క్షేత్రస్థాయి అభ్యాసమనీ పైనుంచి స్పష్టత వచ్చింది.

ఏడో పాఠం దూరం, కాలం, వేగం. పాఠం చివర ట్యాబు ఒక పని చెప్పింది: 'మీ పరిసరాల్లోని ఒక నిజమైన సమస్యను గుర్తించండి. కొలవండి. పరిష్కరించండి.' ఉదాహరణగా ఒక నత్త బొమ్మ ఇచ్చింది. నత్త వేగం కొలిస్తే ఏ సమస్య తీరుతుందో చెప్పలేదు గానీ, నత్త మాత్రం నవ్వుతూ ఉంది.

"మనమేం కొలుద్దాం?" అని మేడం అడిగారు.

మూడో వరసలో ఒకమ్మాయి లేచింది. అయిదో తరగతి నుంచీ ఆ పిల్లను అందరూ 'సందేహం' అనే పిలుస్తారు. హాజరు పట్టీలో ఉన్న పేరు హాజరు పట్టీకే పరిమితం.

"మేడం, మామూలు వేగమంటే ఎంత?"

"మామూలు ఏమిటమ్మా?"

"మా చెల్లిని బండి గుద్దింది కదా మేడం. పోలీసు కాగితంలో 'వాహనం మామూలు వేగంతో వచ్చినది' అని రాశారు. అంటే ఎంతని?"

ఈ మాట నాకు మా అమ్మాయి చెప్పింది. మా అమ్మాయీ అదే తరగతి.

రెండు నెలల కిందట, రెండో తరగతి చదివే ఆ చెల్లెల్ని మా బడి గేటు ముందే ఒక బండి గుద్ది, ఆగకుండా వెళ్ళిపోయింది. కాలు రెండుచోట్ల విరిగింది. ఇప్పుడు చంకకర్రతో బడికి వస్తోంది. బండి ఎవరిదో తేలలేదు గానీ, దాని వేగం మామూలుదని మాత్రం విచారణలో తేలింది. గేటు పక్కన 'బడి ఉన్నది. గంటకు 25 కిలోమీటర్లు' అనే బోర్డు ఎప్పట్నుంచో ఉంది. దాని మీద ఒక ట్యూషన్ సెంటర్ వాళ్ళు తమ కాగితం అంటించుకున్నారు గనక అది ఉపయోగంలోనే ఉన్నట్టు లెక్క.

మేడం కిటికీలోంచి రోడ్డుకేసి చూసి, "సరే, కొలుద్దాం" అన్నారు.

పద్ధతి చాలా తేలిక. గేటుకు అటొకటీ ఇటొకటీ, మధ్య ఇరవై మీటర్ల ఎడంతో రోడ్డు మీద రెండు సుద్దగీతలు గీశారు. గేటు లోపలి బల్ల మీద ట్యాబు నిలబెట్టారు. ట్యాబు సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తుంది. బండి ముందు చక్రం మొదటి గీతను తాకినప్పటి నుంచి రెండో గీతను తాకేదాకా ఎన్ని బొమ్మలున్నాయో లెక్కపెడితే కాలం వచ్చేస్తుంది. దూరం ఎలాగూ తెలుసు. మిగిలింది భాగహారం.

రెండు వారాల్లో ఆరువందల నలభై బళ్ళు కొలిచారు. సగటు వేగం యాభై ఎనిమిది. ఇరవై ఐదుకు లోబడి వెళ్ళినవి పదకొండు. వాటిలో ఏడు సైకిళ్ళు, రెండు తోపుడుబళ్ళు, ఒకటి చెడిపోయి తాడు కట్టి లాక్కెళ్తున్న కారు, మిగిలినది శవవాహనం. చట్టాన్ని గౌరవించేవారు మన సమాజంలో బొత్తిగా లేరనే నిరాశావాదులు ఈ సంగతి గమనించాలి.

ఇక్కడే పిల్లలు కొంచెం అతి చేశారు. పొద్దున బడివేళకు వచ్చే బళ్ళలో చాలావరకు వాళ్ళ అమ్మానాన్నలవే. గుర్తుపట్టి, వాటికి విడిగా ఒక పట్టిక వేశారు. రోడ్డు మీద అందరి సగటూ యాభై ఎనిమిది కాగా, పిల్లల్ని బడికి దింపడానికి వచ్చే తల్లిదండ్రుల సగటు అరవై ఒకటి. కన్నబిడ్డల చదువు కోసం మనం ఎంత ఆత్రపడతామో దీన్నిబట్టే తెలుస్తుంది. పట్టికలో నాది పద్నాలుగో వరస. అరవై ఏడున్నర. ఆ అంకెను మా అమ్మాయే స్వహస్తాలతో ఎక్కించింది. ఆ రోజు దాని చెప్పు ఒకటి కనబడక ఆలస్యమైందన్న వాస్తవాన్ని మాత్రం ఎక్కించలేదు.

ప్రధానోపాధ్యాయులవారికి ఆ నెల పైకి పంపవలసిన 'విజయగాథ' ఒకటి బాకీ ఉంది. పిల్లల గ్రాఫు రంగురంగులుగా ఉండటం చూసి ఆయన ముచ్చటపడ్డారు. గ్రాఫు దేని గురించో చూసేంత తీరిక ఆయనకు లేదు. పెద్ద అధికారిగారిని ముఖ్య అతిథిగా పిలిచి, ఆయన సమక్షంలో పిల్లలు రోడ్డు మీద ప్రత్యక్షంగా లెక్క చేసి, ఫలితాన్ని వేదిక మీది పెద్ద తెరపై చూపించాలని నిర్ణయించారు.

సభ పదింటికి. పదకొండైనా అతిథి రాలేదు. ఈలోగా జనాన్ని కూర్చోబెట్టడానికి లెక్క మొదలుపెట్టించారు. గేటు దగ్గర సందేహం బొమ్మలు లెక్కపెట్టి చెబుతుంటే, మా అమ్మాయి ఇంకో ట్యాబులో కొడుతోంది. వేదిక మీద తెరపై అంకె పడుతోంది. యాభై రెండు. చప్పట్లు. డెబ్బై రెండు. ఇంకా గట్టిగా చప్పట్లు. మైకు పట్టుకున్న డ్రిల్లు మాస్టారు ప్రతి అంకెనూ ఆటలో స్కోరు చెప్పినట్టు చెబుతున్నారు. నలభై వచ్చినప్పుడు జనం నిరుత్సాహపడ్డారు.

పదకొండూ ఇరవైకి అధికారిగారి బండి వచ్చింది. వచ్చిన ఊపుకు గేటు దాటి ముందుకెళ్ళిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. వెనక్కి వచ్చిన వేగాన్ని పిల్లలు కొలవలేదు. ఋణసంఖ్యలతో వేగం పై తరగతిలో ఉంది.

సందేహం ఆ బండిని దూరం నుంచే గుర్తుపట్టింది. అది అధికారిగారి బండి కావడం వల్ల కాదు, దాన్ని నడిపేది వాళ్ళ నాన్న కావడం వల్ల. చెయ్యి ఊపబోయిందట. చేతులు బల్ల మీది ట్యాబు మీద ఉన్నాయి. అలవాటుగా బొమ్మలు లెక్కపెట్టింది. ఇరవై ఐదు. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై ఐదు బొమ్మలే. "ఎంతే?" అని మా అమ్మాయి రెండుసార్లు అడిగితే గానీ అంకె చెప్పలేదట.

అధికారిగారు వేదిక ఎక్కుతుండగా తెర మీద అంకె పడింది: 86.4.

"ఈ రోజు రికార్డు!" అని అరిచారు డ్రిల్లు మాస్టారు. "మన ముఖ్య అతిథిగారిదే ప్రథమ స్థానం!"

సభ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. అధికారిగారు వినయంగా నవ్వి, రెండు చేతులూ జోడించి నలుదిక్కులా తిరిగారు. అలా తిరగడంలో తెర వైపు కూడా తిరిగారు. అంకె కింద చిన్న అక్షరాలతో 'ఇక్కడి పరిమితి: 25' అని ఉంది. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, మనిషి మాత్రం అందులోంచి వెళ్ళిపోయాడు.

అయినా పెద్దవాళ్ళు పెద్దవాళ్ళే. మైకు అందుకున్నారు.

"లెక్కలంటే అంకెలు కాదు. లెక్కలంటే జీవితం. జీవితమంటే ముందుకు సాగడం. ఈ చిన్నారులు సాంకేతికతను చేతబట్టి సమాజాన్ని కొలుస్తుంటే నా గుండె ఉప్పొంగుతోంది. అయితే చిన్నపిల్లలు కదా, ఎక్కడో ఒక చిన్న పొరపాటు దొర్లింది. నా బండి అంత వేగంగా వస్తే, నేను గంటా ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఎందుకు వస్తాను? మీరే చెప్పండి!"

సభ ఈ తర్కానికి ముగ్ధమైంది. లెక్కల్లో దీన్ని నిరూపణ అంటారు.

లెక్కల మేడం ఒక్కరే చప్పట్లు కొట్టలేదు. ఈ విషయం తర్వాత విచారణలో నమోదైంది.

మర్నాడు డ్రైవరుకు నోటీసు వచ్చింది. ఘటన సమయంలో అధికారిగారు వెనక సీట్లో ఉన్నందున ఆ వేగం ఆయనకు వర్తించదనీ, అది ముందు సీటుకు మాత్రమే చెందినదనీ అందులో వివరించారు. అయితే పిల్లల లెక్కే తప్పయిన పక్షంలో వేగమే లేదు గనక నోటీసూ ఉండదని కూడా సూచించారు. ఇంతకన్నా దయ ఎక్కడుంటుంది?

ప్రధానోపాధ్యాయులవారు సందేహాన్ని గదిలోకి పిలిచి, తెల్లకాగితం ఇచ్చారు.

"లెక్క తప్పని రెండు ముక్కలు రాసివ్వమ్మా. మీ నాన్న ఉద్యోగం నిలబడుతుంది. అందరికీ మంచిది."

"తప్పు ఎక్కడుంది సార్?"

"ఎక్కడో ఒకచోట ఉంటుంది. వెతుక్కో."

ఆ సాయంత్రం వాళ్ళింట్లో ఏం జరిగిందో తర్వాత ఆ డ్రైవరే నాకు చెప్పాడు. అలంకారాలు లేకుండా రాస్తున్నాను.

"నాన్నా, లెక్క తప్పని రాసిమ్మంటున్నారు" అంది పెద్దది.

"తప్పా?"

"నాకు రెండుసార్లూ అదే వచ్చింది. నువ్వు చెప్పు. ఎంతలో వచ్చావు?"

"స్పీడు ముల్లు చూడలేదు తల్లీ. ఆ గేటు దగ్గర ఎప్పుడూ నిదానంగానే వస్తాను, నీకు తెలుసుగా. ఆ రోజు ఆయన వెనకనుంచి 'పోనీ, పోనీ' అంటూనే ఉన్నారు. అద్దంలో ఆయన మొహం చూస్తున్నానే గానీ రోడ్డు చూళ్ళేదు."

చిన్నది నేలమీద కాలు చాపుకుని బొమ్మ వేసుకుంటోంది. తలెత్తకుండానే అంది: "నన్ను గుద్దిన బండిలో కూడా ఎవరో పోనీ పోనీ అనుంటారు. కదా నాన్నా?"

అతను లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడట. పిల్లల తల్లి వచ్చి పిలిచినా లోపలికి రాలేదట. కాసేపటికి అక్కణ్ణుంచే, "రేపు పొద్దున టేపు తీసుకురా. రెండో కొస నేను పట్టుకుంటాను" అన్నాడట.

పొద్దున్నే తండ్రీ కూతుళ్ళు రోడ్డు మీద గీతలు మళ్ళీ కొలిచారు. నేను పాలకోసం వెళ్తూ చూశాను. మనిషి మోకాళ్ళ మీద కూర్చుని, టేపు కొసను సుద్దగీతకు బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. "సరిగా చూడు, అయిదు సెంటీమీటర్లు వదిలేశావు. అదీ రాయి" అంటున్నాడు.

ఆ అమ్మాయి ఇచ్చిన కాగితం ఇప్పుడు ఫైల్లో భద్రంగా ఉంది. మచ్చుకు:

'అయ్యా, నా లెక్కలో పొరపాటు జరిగిన మాట నిజమే. రెండు గీతల మధ్య దూరం ఇరవై మీటర్లని తీసుకున్నాను. మళ్ళీ కొలవగా ఇరవై మీటర్ల అయిదు సెంటీమీటర్లు వచ్చింది. కావున సదరు వాహనం వేగం 86.4 కాదు, 86.6. నా అజాగ్రత్తకు క్షమించగలరు. కొలతకు సాక్షి: మా నాన్న.'

క్షమించడం ఎవరివల్లా కాలేదు. డ్రైవరు ఉద్యోగం ఆ వారంలోనే పోయింది.

తర్వాత ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. రోడ్ల ఇంజినీరు, ట్యాబు కంపెనీ ప్రతినిధి, తల్లిదండ్రుల తరఫున నేను. నా ఎంపికకు కారణం నా నిష్పాక్షికత. పట్టికలో నాకన్నా ముందు పదమూడు మంది ఉన్నారు, వెనక ఇంకా చాలామంది ఉన్నారు. ఇంతకన్నా మధ్యస్థుడు దొరకడు.

మేం కూర్చోకముందే తల్లిదండ్రుల విజ్ఞాపన వచ్చింది. 'కన్నవాళ్ళ మీద గురిపెట్టి కొలవడం నేర్పే చదువు మాకొద్దు' అని రాసి నూటా పన్నెండు మంది సంతకాలు చేశారు. ముసాయిదా చక్కగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. అది రాసింది నేనే గనక ఎక్కువ చెప్పుకోకూడదు.

మేడంని విచారించాం.

"పరిసరాల్లో ఇంకేమీ దొరకలేదా మేడం? నత్త ఉంది కదా!" అన్నాడు కంపెనీ ప్రతినిధి.

"నత్త ఎవర్నీ గుద్దలేదండి" అన్నారామె.

"పిల్లలకు సమస్య ఇచ్చేటప్పుడు దానికి జవాబు ఏమొస్తుందో ముందే చూసుకోవద్దా?" అన్నాను నేను.

ఆమె నావైపు చూశారు. "చూసుకున్నానండి. అందుకే ఇచ్చాను."

ఈ జవాబులోని అహంకారం మమ్మల్ని బాధించింది. అయినా ప్రతిభను గౌరవించడం మన ధర్మం. ఆమెకు ఉత్తమ ఉపాధ్యాయురాలిగా జ్ఞాపిక ఇచ్చి, పిల్లలు ఎవరూ లేని ఒక శిక్షణాకేంద్రానికి బదిలీ చేయమని సిఫారసు చేశాం. తరగతి గది దాటకుండా ట్యాబు వాడటం ఎలాగో ఆమె అక్కడ తోటి టీచర్లకు బోధించాలి. కంపెనీవారు కూడా సహకరించారు. ఒక చిన్న సవరణతో ట్యాబుల్లో కెమెరా పనిచేయకుండా చేశారు. 'పరిసరాల్లోని నిజమైన సమస్య' అనే చోట ఇప్పుడు ఆమోదించిన సమస్యల జాబితా వస్తుంది. మొత్తం నాలుగు. మూడింట్లో నత్తే ఉంది.

అసలు సమస్యను కూడా మేం వదల్లేదు. పరిమితి ఇరవై ఐదు, సగటు యాభై ఎనిమిది. ఈ రెంటికీ మధ్య ఇంత తేడా ఉండటం ఎవరికీ గౌరవం కాదు. ఆరువందల నలభై బళ్ళను మార్చడం తేలికా, ఒక బోర్డును మార్చడం తేలికా అని ఇంజినీరుగారు అడిగారు. ఇదీ నిజజీవితానికి లెక్కలు ఉపయోగపడటమంటే. పది రోజుల్లో కొత్త బోర్డు వచ్చింది. 'గంటకు 90 కిలోమీటర్లు'. దాని కింద 'పిల్లలు చూసుకుని దాటవలెను' అని కూడా రాయించాం, భద్రత విషయంలో రాజీ పడకూడదని. ఆ రోజు నుంచీ మా రోడ్డు మీద చట్టాన్ని అతిక్రమించినవారు ఒక్కరూ లేరు. రోడ్డు భద్రతలో ఆదర్శ పాఠశాలగా మాకు బహుమతి కూడా వచ్చింది. అధికారిగారే స్వయంగా వచ్చి ఇచ్చారు, కొత్త డ్రైవరుతో, పరిమితికి లోబడి.

డ్రైవరు సంగతి చాలామంది అడుగుతున్నారు. కొన్నాళ్ళు పని లేక తిరిగాడు. తర్వాత మా వీధివాళ్ళం పదిహేను కుటుంబాలం కలిసి పిల్లల కోసం ఒక వ్యాను మాట్లాడుకున్నప్పుడు, పాపం పోనీలే అని అతన్నే పెట్టుకున్నాం. ఇద్దరు కూతుళ్ళూ అందులోనే బడికి వస్తారు. మనిషి మంచివాడే, వేళ తప్పడు, ఒకమాట అనడు, అనిపించుకోడు. కానీ ఆ వ్యాను ముల్లు ఇరవై ఐదు దాటదు. ఎక్కడా దాటదు. బోర్డు మార్చాం, తొంభై దాకా వెళ్ళొచ్చని నేనే స్వయంగా వెళ్ళి చెప్పాను.

"తెలుసండి" అన్నాడు. "బోర్డు మారింది. నేలమీద ఆ ఇరవై మీటర్ల అయిదు సెంటీమీటర్లు మారలేదండి."

ఇలాంటివాడితో ఏం మాట్లాడతాం? నాలుగు కిలోమీటర్లకు పది నిమిషాలు. ఒక్కో కుటుంబమే మానేస్తూ వచ్చింది. పోయిన వారం మా అమ్మాయినీ మాన్పించాను. "నాకు వ్యానే బావుంది నాన్నా" అని గొణిగింది. చిన్నపిల్లలకు కాలం విలువ తెలియదు. మళ్ళీ నా బండి మీదే దింపుతున్నాను. ఆరు నిమిషాలు మిగులుతున్నాయి. వాటితో ఏం చేయాలో ఇంకా తేలలేదు.

నిన్న పొద్దున బడికి వెళ్ళే దారిలో ఆ వ్యాను నా ముందు పడింది. రోడ్డు ఇరుకు, పక్కకు తప్పుకునే వీల్లేదు. వెనక అద్దంలోంచి చిన్నది మమ్మల్ని చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది. నా వెనక కూర్చున్న మా అమ్మాయి కూడా ఊపింది. నా చేతులు మాత్రం ఖాళీగా లేవు, హారన్ మీద ఉన్నాయి. అంతలో నా వెనకనుంచి ఇంకెవరో నాకన్నా గట్టిగా, వదలకుండా హారన్ కొట్టడం మొదలుపెట్టారు.

వెనక్కి తిరిగి చూసే తీరిక లేకపోయింది. మీరే కదూ?